నేలకు ఆనించిన గజంకట్టె

ఈమధ్య నన్ను చూసిన ప్రతివాడూ చేతికర్ర కొనుక్కోమంటున్నాడు. దవాఖానలో డాక్టరు అన్నాడు, పాలు పోసే మనిషి అన్నాడు, రెండడుగులు వేస్తే ఆయాసపడే మా పక్కింటాయన కూడా అన్నాడు. కర్ర వల్ల లాభాలేమిటో ఒకటొకటి విడమరిచి చెబుతారు. నేను తల ఊపుతాను. ఆ లాభాలు వీళ్ళంతా పుట్టకముందే నా మోకాళ్ళకు తెలుసు. నష్టాలూ తెలుసు. వాటి సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పరు, నేను కూడా ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట ఇది. వరంగల్ మట్టెవాడలో మా మేనమామకు బట్టల దుకాణం ఉండేది. మా నాన్న పోయాక అమ్మా నేనూ మామ ఇంట్లోనే, వెనకవైపు రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. దుకాణంలో గద్దె మీద మామ కూర్చునేవాడు, ఊళ్ళు తిరగడం నా వంతు. నెలకు రెండు మూడుసార్లు బట్టల మూట కట్టుకుని ప్యాసింజరు బండెక్కేవాణ్ణి. కాజీపేట దాటాక రఘునాథపల్లిలో దిగి, అక్కణ్ణుంచి కాలినడకన ఆరు ఊళ్ళు తిరిగి, నాలుగోనాడు ఇల్లు చేరేవాణ్ణి.

అవి గుడ్డ కరువు రోజులు. వరంగల్‌లోనే సరిగా దొరకని బట్ట ఊళ్ళలో ఎక్కడ దొరుకుతుంది? నేను వస్తున్నానంటే ఆడవాళ్ళు చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చేవారు. చీరలూ ధోతులూ కొలతతోనే వస్తాయి కాబట్టి వాటితో పేచీ లేదు. కొలిచి కత్తిరించి ఇవ్వాల్సినవి రవికె గుడ్డలూ అంగీ గుడ్డలూ. వాటికోసం మామ నాకొక గజంకట్టె ఇచ్చాడు. టేకుకర్ర, బొటనవేలంత లావు, సరిగ్గా గజం పొడవు. ఒంటి మీద కొలత గీతలు, రెండు చివరలా కర్ర అరగకుండా తొడిగిన ఇత్తడి పొన్నులు. నిలబెడితే నా అరచేతికి ఇట్టే అందేది. అలా అందడమే నా కొంప ముంచింది.

గజంకట్టె విషయంలో మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. దాన్ని నేలకు ఆనించకూడదు. వాడనప్పుడు గోడకు మేకు కొట్టి తగిలించాలి, లేదంటే గద్దె మీద పడుకోబెట్టాలి. పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. దసరాకు కత్తెరతో పాటు దానికీ పసుపూ కుంకుమా పెడతారు. నేను దాన్ని ఊపుకుంటూ వీధిలోకి నడిస్తే మా అమ్మ వెనక నుంచి అరిచేది.

"ఏం రా, గది లచ్చిమి! పంతులు బెత్తం ఊపినట్టు ఊపుకుంట పోతవేంది?"

మొదటి ఏడాది నేను ఆ పట్టింపు తప్పలేదు. ఊరూరా దాన్ని చంకలో పెట్టుకునే తిరిగాను.

నాలుగో ఊరికీ ఐదో ఊరికీ నడుమ ఒక గుట్ట ఉంది. చెప్పుకోదగ్గ గుట్టేం కాదు, పరుపుబండలూ సీతాఫలం పొదలూ తప్ప దాని మీద ఏమీ లేవు. కానీ చుట్టు తిరిగి వెళ్తే ఒక పూట పడుతుంది, మీద నుంచి దాటితే గంటన్నర. వీపున మూటతో ఎక్కడం అంత కష్టం కాదు. ఆయాసమంతా ఊపిరితిత్తులది, కాళ్ళు వాటి పని అవి చేస్తాయి. దిగడమే నరకం. మూట బరువంతా ముందుకు తోస్తుంటే ప్రతి అడుగుకూ మోకాలిచిప్పలు ఊడి పడతాయేమోననిపించేది. ఒకరోజు నేను అట్లా కుంటుకుంటూ దిగుతుంటే గొర్రెలు కాసే పెద్దమనిషి ఒకాయన బండ మీద కూర్చుని నన్ను చూసి నవ్వాడు.

"గట్ల దిగితె నాలుగేండ్లకు నీ కాళ్ళు పనికిరావు, షావుకారీ. కట్టె వట్టుకో. ఒక్కటి కాదు, రెండు. ఒక్కదాంతోని దిగితె నడుము ఒక్కదిక్కు వంగుతది."

అక్కడే పొదల్లో ఒక కర్ర కోసి, తొక్క గీకి, నా చేతికిచ్చాడు. రెండోది ఏదని అడిగితే నా చంకలోని గజంకట్టె చూపించాడు. అది నేలకు పెట్టే వస్తువు కాదని చెప్పాను. ఆయన మళ్ళీ నవ్వి, గొర్రెలను అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

అలా ఒక చేతిలో కర్ర, ఇంకో చంకలో గజంకట్టె పెట్టుకుని మూడు నాలుగుసార్లు దిగాను. ఐదోసారి పడ్డాను. కాలు జారినప్పుడు మనిషి చేయి దేన్నైనా పట్టుకోవాలి. నా కుడిచేయి లక్ష్మిని కాపాడే పనిలో ఉంది. బండ మీద పది పన్నెండు అడుగులు జారి, మోకాలి తోలు లేచిపోయి, మూట విప్పుకుపోయి, తెల్లటి అంగీ గుడ్డ మీద నా రక్తం మరకలు పడ్డాయి. ఇంటికి కుంటుతూ వచ్చాను. గుడ్డ పాడుచేసినందుకు మామ తిడతాడని భయపడ్డాను. ఆయన గద్దె దిగి వచ్చి, నా ముందు గొంతుక్కూర్చుని, మోకాలి కట్టు విప్పి చూశాడు.

"చేతిల కట్టె వెట్టుకొని పడ్డవా? ఆనించుకోరాదు?" అన్నాడు.

"గజంకట్టెనా మామా?"

"కట్టె కట్టెనే. నీ కాళ్ళకన్న ఎక్కువనా గది? నేను చెప్తాన్న కద, ఆనించుకో. మీ అమ్మకు నేను చెప్తతీ."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రి లేనివాడికి మేనమామ ఉంటే చాలనుకున్నాను. ఆ రోజు ఆయన ఆ మాట నా మీద ప్రేమతోనే అన్నాడని ఇప్పటికీ నమ్ముతాను. అలా అన్నవాడు తర్వాత అలా ఎలా మారాడో, అదే నాకు మింగుడుపడదు.

మరుసటిసారి నుంచి రెండు చేతుల్లో రెండు కర్రలు. ఎడమచేతిలో గొర్రెలకాపరి ఇచ్చిన కర్ర, కుడిచేతిలో గజంకట్టె. అబ్బ, ఆ సుఖం ఏమని చెప్పను! ఎక్కేటప్పుడు కర్రలను కాస్త వెనక్కి ఆనించి తోసుకుంటే, సగం బరువు చేతులు పంచుకుంటాయి. దిగేటప్పుడు ముందు కర్రలు, తర్వాత కాలు. మోకాలికి తెలియకుండానే గుట్ట దిగిపోతాం. వాగు దాటేటప్పుడు ముందు కర్ర దింపి లోతు చూసుకోవచ్చు. ఊళ్ళోకి అడుగుపెట్టగానే మీద పడే కుక్కలు కర్రలను చూసి దూరంగా నిలబడి మొరిగి, మర్యాద దక్కించుకుంటాయి. అలసిపోతే మూట దించనక్కర్లేదు. రెండు కర్రల మీద చేతులు ఆనించి, చేతుల మీద గడ్డం పెట్టి, నిలబడే కునుకు తీయవచ్చు.

నష్టాలూ ఉన్నాయి. రెండు చేతులూ కర్రలకు ఇచ్చేస్తే చెమట తుడుచుకోవడానికి చేయి ఉండదు. ఎదురొచ్చిన పెద్దమనిషికి దండం పెట్టాలంటే ముందు కర్రలు కింద పెట్టాలి, ఈలోపు ఆయన వెళ్ళిపోతాడు, వీడికి పొగరని నలుగురికీ చెబుతాడు. అరచేతుల్లో బొబ్బలు లేస్తాయి. తడిసిన పరుపుబండ మీద ఇత్తడి పొన్ను సర్రున జారుతుంది. కాలయితే జారబోతున్నానని కొంచెం ముందుగా చెబుతుంది, కర్ర చెప్పదు. అలవాటైపోయాక చదును నేల మీద కర్ర లేకుండా నడిస్తే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. ఇక ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసి "నాలుగు కాళ్ళ షావుకారి వచ్చిండు" అని నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అసలు నష్టం ఇంకొకటి ఉందని నాకప్పుడు తెలియదు.

ఆ ఏడు వానాకాలంలో గజంకట్టె కింది పొన్ను బండ పగుల్లో ఇరుక్కుని ఊడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. మామకు చెప్పాను.

"పోతె పోయింది. లడాయి రోజులల్ల ఇత్తడి ఏడ దొరుకుతది? లడాయి అయినంక కొత్త పొన్ను ఏయిద్దంతీ" అన్నాడు.

నేను సరేనన్నాను. పొన్ను మందం ఎంతని, చింతాకంత. కొలతకు ఏమంత తేడా రాదనుకున్నాను. పొన్ను పోయాక కింద మిగిలింది ఒట్టి కర్ర అనీ, అది రాతి మీద రోజూ రాసుకుంటే ఏమవుతుందో అనీ ఆలోచించలేదు. పైచివర పట్టుకుని, గుడ్డను పొడవునా పరిచి, చివరికంటా లాగి కత్తిరించడమే నా పని. గీతల వంక చూసే అవసరమే రాలేదు, ఎందుకంటే అందరూ గజాల్లోనే కొనేవారు. చూసి ఉంటే ఆఖరి గీతకూ కర్ర కొసకూ మధ్య ఖాళీ తగ్గిపోతున్నట్టు కనిపించేది. నా మొద్దు బుర్రను నేనే తిట్టుకోవాలి, ఆ మాట దాచను.

గుడ్డ తానులో ఉండాల్సిన గజాలన్నీ అమ్మి వచ్చాక కూడా కొంచెం కొంచెం గుడ్డ మిగులుతుండేది. ఇన్ని గజాలు అమ్మాను, ఇంకా ఇంత ఎలా మిగిలిందని ఒకసారి మామను అడిగాను.

"మిల్లోడు తానుకు జర కొసరు ఏస్తడు" అన్నాడు.

నమ్మాను. ముప్పై ఏళ్ళు గద్దె మీద కూర్చున్న మనిషి చెబితే నమ్మక ఏం చేస్తాను?

ఐదో ఊరు గుట్ట దిగగానే వస్తుంది. అక్కడ మొదటి ఇల్లు ఒక రైతు కుటుంబంలోని పెద్దావిడది. భర్త పోయాడు, మరిది సాయంతో వ్యవసాయం చేయించుకునేది. నేను ఆమెను అవ్వా అని పిలిచేవాణ్ణి. నా మూట ఆమె అరుగు మీదే దించేవాణ్ణి. ఆమె చల్ల ఇచ్చేది, నేను తాగేలోపు వాడంతా తిరిగి నా రాక చాటేది. వచ్చిన ఆడవాళ్ళలో ఎవరైనా గుడ్డను అటూ ఇటూ తిప్పి చూస్తే ఆమె ఊరుకునేది కాదు.

"ఏం సూస్తవే? గీ పిలగాని కొలతకు పేరు వెట్టొద్దు. గాయినె కట్టె ఎంతంటె గంతె."

ఆ మాట నాకు ఎంత గొప్పగా ఉండేదో చెప్పలేను. మామ ఇంట్లో తింటున్నాను, మామ సరుకు అమ్ముతున్నాను, నాదంటూ ఏమీ లేదు. ఆరు ఊళ్ళలో నా కొలత మీద ఉన్న నమ్మకం ఒక్కటే నా సొంతం అనుకునేవాణ్ణి. ఎప్పటికైనా సొంతంగా దుకాణం పెడితే ఆ నమ్మకమే పెట్టుబడి అని అమ్మతో అనేవాణ్ణి కూడా.

పొన్ను పోయిన మరుసటి ఏడు దసరాకు దుకాణంలో పూజ చేశాం. మామ తన ఇనుప గజాన్నీ నా గజంకట్టెనూ కడిగి, గద్దె మీద పక్కపక్కన పెట్టాడు. పసుపు రాస్తూ రాస్తూ కాసేపు ఆగాడు. రెండింటినీ తేరిపార చూశాడు. తర్వాత నా కట్టె కింది చివర మీద బంతిపూలు కుప్పగా పోసి, కొబ్బరికాయ కొట్టాడు. నేను పక్కనే హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. మామకు భక్తి ఎక్కువని అనుకున్నాను.

ఉగాదికి మిగులు గుడ్డతో నాకు కొత్త అంగీ కుట్టించాడు.

ఆ వేసవిలో అవ్వ కూతురు పుట్టింటికి వచ్చింది. తిరిగి పంపేటప్పుడు ఒడిబియ్యం పోయాలి. కూతురి ఒడిలో బియ్యం పోసి, చీరా రవికె గుడ్డా పెట్టి సాగనంపుతారు. తోడుగా వచ్చిన వియ్యాలవారి ఆడవాళ్ళకు కూడా ఒక్కో రవికె గుడ్డ పెట్టాలి. అది పెట్టే తీరును బట్టే పుట్టింటి మర్యాద. అవ్వ నా దగ్గర మంచి గుడ్డ ఏరి ఐదు రవికెలకు ఐదు గజాలు కోయించుకుంది. గజానికి గజం విడివిడిగా కోసి, మడత పెట్టి, ఆమె చేతికి నేనే ఇచ్చాను.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం ఆమె మట్టెవాడలో మా దుకాణం ముందు నిలబడింది. పక్కన మరిది ఉన్నాడు. పొద్దుటి బండికి వచ్చారట. నేను సంబరంగా లేచి కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. కొంగులోంచి ఒక రవికె గుడ్డ తీసి గద్దె మీద పెట్టింది.

"మా వియ్యపురాలు దీన్ని కుట్టనిచ్చింది" అంది మామతో. "దర్జీ కొలిచి, గజం లేదు, చేతులకు సాలది అన్నడట. ఐదిటికి ఐదు గంతేనట. నలుగురు ఆడోళ్ళ ముంగట అన్నది నా బిడ్డను, మీ అవ్వ కురస గుడ్డ వెట్టి తోలిందని. నా బిడ్డ ఏడ్సుకుంట కబురు వంపింది."

దుకాణంలో అప్పటికే నలుగురైదుగురు గిరాకీలు ఉన్నారు. అందరూ తల తిప్పి చూశారు. నాకు ఏమీ అర్థం కాలేదు. దర్జీ గజమే తప్పయి ఉంటుందని అన్నాను, ధైర్యంగానే అన్నాను. మామ గోడకున్న ఇనుప గజం తీసి గద్దె మీద పెట్టాడు. నా గజంకట్టెను దాని పక్కన పెట్టి, పైచివరలు కలిపాడు. కింద నా కట్టె రెండు వేళ్ళ ముందే ఆగిపోయింది.

నేను దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. కొస గుండ్రంగా అరిగి, చీపురులా పీచు లేచి ఉంది. గుట్ట మీద నేను వేసిన అడుగులన్నీ అక్కడ కనిపించాయి.

"మామా, అరిగింది. నేను కొయ్యలేదు. ఆనించి నడిస్తె అరిగింది" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. గిరాకీల వైపు తిరిగాడు.

"సూసిన్రు కద. నా దుకాణం కొలత గిది, ఇనుపది. గీడ ఒక్క పోగు తక్కువొచ్చిందంటె అడుగున్రి. ఊర్లల్ల ఈడేం చేస్తాండో నాకేం తెలుసు? సొంత చెల్లె కొడుకని నమ్మి మూట చేతికిస్తి. గిదీ నాకు చేసింది."

"నువ్వే కద మామా ఆనించుకొమ్మన్నవ్!"

"ఆనించుకొమ్మన్న. అరగదీసి జనం కడుపు కొట్టుమన్ననా?"

అంత తెలివైన అబద్ధం నేను మళ్ళీ వినలేదు, ఎందుకంటే అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అవ్వ నావైపు తిరిగింది.

"బిడ్డా, నువ్వు జెప్పు. నీకు తెల్వదా?"

"తెల్వదు అవ్వా. ఒట్టు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో ఆ ముఖంలో దొరకలేదు. మామ అప్పటికే ఇనుప గజంతో కొత్త గుడ్డ కొలవడం మొదలుపెట్టాడు, బెత్తెడు కొసరు కూడా వేస్తానన్నాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"వద్దు. పోయిన ఇజ్జత్ గుడ్డతోని మల్లొస్తదా" అని మరిదిని తీసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనం వేళకు మామ దుకాణం తలుపులు దగ్గరగా వేశాడు. నా భుజం మీద చేయి వేసి, నా మోకాలికి కట్టు కట్టిన నాటి గొంతుతోనే మాట్లాడాడు.

"ఫికర్ చెయ్యకు. నాలుగు రోజులు ఇంట్ల ఉండు. గాళ్ళ ముంగట గట్ల అనకుంటె దుకాణం పేరు పోతుండె. నాకు తెల్వదా నువ్వు కొయ్యలేదని? మొన్న దసరానాడు పక్కపక్కకు వెట్టినప్పుడే సూసిన."

బంతిపూలు గుర్తొచ్చాయి.

"మరి నాకెందుకు చెప్పలేదు మామా?"

"చెప్తె నువ్వు ఊకుంటవా? కొత్త కట్టె అంటవు. మనిషికి రెండు వేళ్ళు పోతె ఎవ్వడు సస్తడు? గుడ్డ దొరకని రోజులు, మనకు జర మిగిలె. నేనొక్కన్నే తిన్ననా? నీ ఒంటి మీది అంగీ ఏడికెల్లి వచ్చింది మరి?"

నేను ఆ అంగీ బొత్తాలు విప్పాను. ఒకటి తెగి కింద పడింది. అంగీ తీసి గద్దె మీద విసిరికొట్టి, బనీను మీదనే వీధిలోకి వచ్చాను. మిట్టమధ్యాహ్నం మట్టెవాడ నడివీధిలో బనీనుతో నడిచే షావుకారు మేనల్లుణ్ణి జనం వింతగా చూశారు. వాళ్ళకు పొద్దుటి సంగతి అప్పటికే తెలిసిపోయింది. దొంగ దొరికాడు కాబట్టి తన్ని తరిమారని అనుకున్నారు.

అమ్మకు అంతా చెప్పాను. మామకు దసరానాటి నుంచే తెలుసట అని చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ ఉంది, చేట పక్కన పెట్టలేదు.

"గా మాట ఇంక ఎవ్వరితోని అనకు" అంది.

"నన్ను దొంగను చేసిండమ్మా!"

"నువ్వు మొగోనివి. ఏడనన్న బతుకుతవు. అన్న ఎల్లగొడితె నేనేడికి పోవాలె?"

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు అదిరేలా అరిచాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. ఆమె అన్నది తప్పు కూడా కాదు, అందుకే ఇంకా మండింది. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి అంటారు. నాకు చెప్పుకోవడానికి ఒక్క మనిషి ఉండేది, ఆమె కూడా కంచె వైపే నిలబడింది. అమ్మ కోసం మట్టెవాడలో నోరు విప్పలేదు. అక్కడ నా పేరు కట్టె కోసినోడుగా స్థిరపడింది. తర్వాత కాజీపేటలో రైల్వే పనికి కుదిరి, అమ్మను అక్కడికి తీసుకుపోయేదాకా ఆ పేరుతోనే బతికాను.

కానీ అవ్వకు మాత్రం చెప్పాలి. మిగతా లోకం ఏమనుకున్నా సరే, ఆ అరుగు మీద మాత్రం నేను దొంగను కాకూడదు. వారం తిరిగాక హన్మకొండలో వేరే దుకాణానికి వెళ్ళి, అలాంటి గుడ్డే ఐదు గజాలు కోయించాను. ఆ దుకాణదారు ఇనుప గజం తీస్తూ నన్ను గుర్తుపట్టాడు.

"మా దానితోని కొలవాల్నా, నీ కట్టె తెచ్చుకున్నవా?" అన్నాడు.

పక్కనున్నవాళ్ళు గొల్లుమన్నారు. నేను గుడ్డ తీసుకుని బయటపడ్డాను.

రఘునాథపల్లిలో దిగి నడిచాను. వీపున మూట లేదు, చేతుల్లో కర్రలు లేవు. మొదటి ఊళ్ళో ఒకావిడ నన్ను చూసి గడప లోపలికి వెళ్ళిపోయింది. రెండో ఊళ్ళో నన్ను ఎవరూ పిలవలేదు. గుట్ట దిగేటప్పుడు రెండేళ్ళుగా పని మరిచిన మోకాళ్ళు వణికాయి. రెండుసార్లు కూర్చుని, అరచేతులు బండకు ఆనించి దిగాను. దారి పొడుగునా మామను తిట్టుకుంటూనే ఉన్నాను. నా అంత మోసపోయినవాడు ఈ తాలూకాలో ఇంకొకడు ఉండడని అనుకున్నాను.

అవ్వ అరుగు మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. గుడ్డలు ఆమె పక్కన పెట్టి, నిలబడే అంతా చెప్పాను. పట్టింపు, గుట్ట, కర్రలు, పొన్ను, దసరా పూజ, మామ మాటలు, నా అంగీ, ఏదీ దాచలేదు.

"మా మామకు తెలుసు అవ్వా. నాకు తెల్వదు. నువ్వొక్కదానివి నమ్మితె చాలు" అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది.

"నమ్మిన బిడ్డా. నమ్మినందుకే గింత అయింది. పోయినేడు మరిదికని నీ తాన అంగీ గుడ్డ కొంటి గద, ఇంటికి తీస్కపోయి మూరేసిన. గజానికి రెండు మూరలు రావాలె గద? రాలే. మల్లేసిన. రాలే. ముసలిదాన్నైతి, చేతుల్ల బలం పోయి గుడ్డ సక్కగ గుంజుతలేనేమో అనుకున్న. నా చెయ్యే తప్పనుకున్న గని నీ కట్టె తప్పయితదని అనుకోలే. గందుకే నా బిడ్డ ఒడిబియ్యం గుడ్డలకు మూరెయ్యకుంటనె వెట్టిన."

నేను మామను నమ్మాను, ఆమె నన్ను నమ్మింది. నాకు మామ మీద అరవడానికైనా వీలు దొరికింది. ఆమె మాత్రం తన చేతినే తప్పు పట్టుకుంది, నా వల్ల.

ఆమె నేను తెచ్చిన గుడ్డల్లో పైది తీసి మడత విప్పింది. ఒక కొసను వేళ్ళ మధ్య పట్టుకుని, మోచేతి దాకా గట్టిగా గుంజి, ఒక మూర వేసింది. రెండో మూర వేసింది. గుడ్డ సరిగ్గా వచ్చింది.

ఆమె నా ముఖం చూడకుండా, గుడ్డ కొస మళ్ళీ వేళ్ళ మధ్యకు తీసుకుని, మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టింది.